జానెడు సందులో కారు

గురుగ్రామ్ దాటాక మానేసర్ దారిలో ఆగిన పొడవాటి కంటైనర్ లారీలోకి మా పాత స్విఫ్ట్‌ని ఎక్కించాలి. లారీ కుర్రాడు ముందుగా రెండు పక్క అద్దాలూ మడిచాడు. కిటికీలోంచి తల బయటపెట్టి ఇనుప ర్యాంపు మీదుగా జానెడు సందులో బండిని లోపలికి జరిపాడు. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరులో ఉంచి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టాడు. బెల్టులు బిగించింది బాడీకి కాదు, టైర్లకు. అప్పుడు గుంతలొచ్చినా కారు తన స్ప్రింగుల మీద తానే ఊగుతుంది, బెల్టు రాసుకుని రంగు పోదు. అంత ఇరుకులో తలుపు తీసుకుని ఎలా బయటపడ్డాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, నాగ్‌పూర్, ఆదిలాబాద్ మీదుగా 44వ జాతీయ రహదారి పట్టుకుంటే, బండి చేరాల్సిన హైదరాబాద్ 1,500 కిలోమీటర్ల పైమాటే.

కిరాయి మాత్రం నెలను బట్టి మారుతుంది. బడి సెలవులు, బదిలీలు కలిసొచ్చే మే, జూన్‌లలో అందరూ ఒకేసారి కదులుతారు, రేటు కొండెక్కుతుంది. దీపావళి ముందు లారీలకు కొత్త కార్ల గిరాకీ. డిసెంబరు, జనవరిలో పొగమంచు. కాలుష్యం ముదిరితే ఢిల్లీలోకి లారీలకు ఆంక్షలు కూడా. మానేసర్ మారుతి ఫ్యాక్టరీలోకి 2025లో రైలు పట్టాలే వచ్చాయి, కానీ అవి కొత్త కార్లకు. మన పాత బండికి ఈ కుర్రాడే దిక్కు.

తొందర లేకపోతే ఫిబ్రవరిలో పంపండి. ట్యాంకులో పెట్రోలు కొంచెమే ఉంచండి. ఉన్న గీతలన్నీ అతని ఎదుటే ఫొటో తీయండి, టీ డబ్బులు మరిచిపోకండి.