బొగ్గు కన్నా పాత పనితనం

కొత్తగూడెంలో పనితనమంటే బొగ్గుబాయే గుర్తొస్తుంది. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. ఇవాళ సింగరేణి బొగ్గు సంస్థ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. ఆ బొగ్గు ఒకప్పుడు చెట్టు, ఆకు. ఆకుకు ఎండను పట్టే విద్య మంచినీటి పచ్చనాచు నుంచి వారసత్వంగా వచ్చింది. అలాంటి పనివాణ్ణి చూడటానికి బాయిలోకి దిగక్కర్లేదు. పెరట్లో నీళ్ళ తొట్టి గోడకు పట్టిన పాచిని కాస్త గీకి సూక్ష్మదర్శిని కింద పెడితే చాలు.

ఇలాంటి నీళ్ళలో తరచుగా కనిపించే గుండ్రటి పచ్చ కణం క్లోరెల్లా. 1890లో డచ్ శాస్త్రవేత్త బైయరింక్ దానికి ఆ పేరు పెట్టాడు. అయిదు మైక్రాన్ల కణాలను వంద వరసగా పేరిస్తే అర మిల్లీమీటరు. అంత చిన్న ఇంట్లో ఎక్కువ చోటు దొప్పలా వంగిన ఒకే ఒక్క హరితరేణువుది. అందులో పత్రహరితం రెండు రకాలు. 'ఎ' రకం సరిగా పట్టలేని నీలి వెలుగును 'బి' రకం పట్టి దానికి అందిస్తుంది. ఎండ మితిమీరితే కణం దెబ్బతినకుండా లూటిన్ వంటి పసుపు వర్ణకాలు కాపు కాస్తాయి.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది ఆ దొప్పలోని పైరినాయిడ్ అనే చిన్న గది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర తయారీకి అందించే ఎంజైము రుబిస్కో. అది మహా నిదానం. సెకనుకు నాలుగైదు అణువులు పడితే గొప్ప. పైగా ఒక్కోసారి ఆక్సిజన్‌ను పట్టి పని చెడగొట్టుకుంటుంది. నాచు ఈ లోపాన్ని సరిదిద్దిన తీరు చూడండి. పనివాణ్ణి మార్చలేదు, పనిచేసే గదిని మార్చింది. నీళ్ళలో కరిగిన బైకార్బనేట్‌ను లోపలికి తోడుకుంటుంది. రుబిస్కో కిక్కిరిసి ఉన్న పైరినాయిడ్ దగ్గర దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. అక్కడ ఆ వాయువు దట్టంగా ఉండటంతో పొరపాట్లు తగ్గుతాయి. గది చుట్టూ పిండిరేకులు పేర్చి, పట్టిన వాయువు జారిపోకుండా అడ్డుకుంటుంది. తన పంటతోనే తన చేనుకు గట్టు కట్టుకున్నట్టు!

సంపాదించినదాన్ని వాడుకోవడంలోనూ అంతే నేర్పు. బాగా పెరిగే రోజుల్లో క్లోరెల్లా ఎండు బరువులో సుమారు సగం మాంసకృత్తులే. కొవ్వులు, పిండి పదార్థాలు మిగతా భాగంలో ఉంటాయి. తల్లికణం తన గోడ లోపలే నాలుగుగానో ఎనిమిదిగానో విడిపోతుంది. గోడ పగిలి పిల్లకణాలు బయటపడతాయి. నీళ్ళలో నత్రజని తగ్గితే మాంసకృత్తులు కట్టడం కుదరదు. అయినా ఎండ పడుతూనే ఉంటుంది. అప్పుడు కణం విభజన ఆపి, పట్టిన కార్బన్‌ను పిండిగా, నూనె బొట్లుగా దాస్తుంది. కిలో ఎండు నాచు తయారవడానికి దాదాపు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి.

కార్బన్‌ను చక్కెరగా మార్చే ఈ పని ఏ వరసలో సాగుతుందో మనిషికి చెప్పింది కూడా నాచే. అమెరికాలోని బర్క్‌లీలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ క్లోరెల్లాకు, మరో పచ్చనాచు సెనెడెస్మస్‌కు రేడియోధార్మిక కార్బన్-14 అందించారు. కొద్ది సెకన్లకే వేడి ఆల్కహాల్‌లో పడేసి పని ఆపించి, కార్బన్ ఏ పదార్థంలో చేరిందో వెతికారు. అలా ఒక్కో మెట్టూ బయటపడింది. 1961లో కాల్విన్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

గోదావరి లోయ బొగ్గులో 25 కోట్ల ఏళ్ళకు మించి పాతవైన గ్లోసోప్టెరిస్ చెట్ల ఆనవాళ్ళున్నాయి. నాలుకలాంటి ఆ ఆకుల్లోనూ కార్బన్‌ను పట్టింది ఇదే రుబిస్కో, వెలుగును పట్టింది ఇదే పత్రహరితం. పాల్వంచ థర్మల్ కేంద్రంలో బొగ్గు మండినప్పుడు విడుదలయ్యేది ఆనాడు పట్టిన ఎండే. తొట్టిని ఎంత రుద్ది కడిగినా కొన్నాళ్ళకే గోడ మళ్ళీ పచ్చబడుతుంది. ఆ పచ్చదనంలో, బొగ్గు పుట్టకముందే మొదలైన షిఫ్టు ఇంకా నడుస్తోంది.