దర్గామిట్ట కతలు: లేమిలో కుటుంబం, జ్ఞాపకంలో తపన

ఉపోద్ఘాతం

ఆధునిక భారతీయ కథాసాహిత్యంలో కుటుంబ చిత్రణ ప్రధానంగా రెండు మార్గాలలో సాగింది. ఉమ్మడి కుటుంబం చెదిరిపోవడాన్ని విచారంతో చెప్పినవి కొన్ని, ఆ కుటుంబపు కట్టుబాట్లను ఎదిరించినవి మరికొన్ని. ఈ రెండు మార్గాలలోనూ కుటుంబానికి పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. అది పొలం కావచ్చు, మండువా లోగిలి కావచ్చు, వంశ ప్రతిష్ఠ కావచ్చు. అసలు పోగొట్టుకోవడానికే ఏమీ లేని కుటుంబంలో సంప్రదాయం అంటే ఏమిటి? అక్కడి తపన దేనికోసం? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడానికి మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ (1999) తగిన ఆధారం.

నెల్లూరు జిల్లా కోస్తాలోని కావలి పట్టణపు దిగువ మధ్యతరగతి ముస్లిం కుటుంబ జీవితం ఈ కతలకు వస్తువు. కథకుడు బాలుడు. కతలన్నీ ఉత్తమ పురుషలో, నెల్లూరు మాండలికంలో నడుస్తాయి. వీటిని హాస్యం కోసం చదివినవారు బాల్య స్మృతులుగా స్వీకరించారు. వస్తువును బట్టి చదివినవారు ముస్లిం జీవిత చిత్రణగా పరిగణించారు. ఈ రెండు పఠనాలూ నిజమే అయినా, కతలకు కేంద్రమైన తపనను రెండూ పూర్తిగా పట్టుకోలేదు. ఆ తపన స్వరూపాన్ని నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

పేర్లలోని సంప్రదాయం

సంపుటి పేరులోనే రచయిత దృక్పథం కనిపిస్తుంది. ‘దర్గా’ పారసీక పదం, ‘మిట్ట’ దేశ్య పదం. ఎత్తయిన నేలను మిట్ట అనడం దక్షిణ మండలంలో సర్వసాధారణం. చిత్తూరు జిల్లా జీవితాన్ని చెప్పిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘మిట్టూరోడి కతల’లోనూ ఈ మాటే ఉంది. జిల్లా కేంద్రమైన నెల్లూరులో బారాషహీద్ దర్గా ఉన్న పేటకు దర్గామిట్ట అనే పేరు ఉండడం వల్ల, కతల లోకం కావలిదే అయినా, ఆ పేరు వినగానే జిల్లా పాఠకుడి మనసులో రొట్టెల పండుగ మెదులుతుంది. మొహర్రం రోజులలో స్వర్ణాల చెరువు ఒడ్డున హిందువులూ ముస్లింలూ చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అంటూ మార్చుకుంటారు. కోరికను దాచుకోకుండా పేరు పెట్టి నలుగురిలో అడగడం, అది తీరిన మరుసటి ఏడు ఇంకొకరికి రొట్టె ఇవ్వడం ఆ ఆచారంలోని నియమం. కోరికకు ఇంత బహిరంగ రూపం ఇచ్చిన ప్రాంతం నుంచి ఈ కతలు వచ్చాయన్నది గమనార్హం.

రచయిత రెండవ సంపుటి పేరు ‘పోలేరమ్మ బండ కతలు’ (2004). మొదటి పేరులో దర్గా ఉంటే, రెండవ పేరులో గ్రామదేవత ఉంది. ఒక ముస్లిం బాలుడి జ్ఞాపకాలకు ఈ రెండూ సమానంగా గుర్తులు కాగలిగాయి. ఇక్కడ సామరస్యం ప్రబోధ రూపంలో రాలేదు, ఇంటికి దారి చెప్పే కొండగుర్తుగా వచ్చింది. ఈ కతలలో సంప్రదాయమంటే శాస్త్ర విధి కాదు. ఇరుగుపొరుగుతో కలిసి బతకడంలో అలవాటైన నడవడి.

‘కథలు’ అనక ‘కతలు’ అనడంలోనూ విశేషం ఉంది. ప్రకృతిని విడిచి వికృతిని గ్రహించడం ద్వారా రచయిత తన రచనను పుస్తక సంప్రదాయం నుంచి తప్పించి, అరుగు మీది మాటకు చేరువ చేశారు.

ఇంటి భాష, కత భాష

ఆంధ్ర ప్రాంతపు ముస్లింలందరికీ ఇంటి భాష ఒకటి కాదు. కొందరు దక్కనీ ఉర్దూ మాట్లాడుతారు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలకు తెలుగే మాతృభాష. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోని పిల్లలకు సైతం వీధి, బడి, అంగడి తెలుగే. అందువల్ల ముస్లిం కుటుంబ జీవితాన్ని తెలుగులో చెప్పే రచయిత ప్రతి వాక్యంలోనూ ఒక నిర్ణయం చేయవలసి ఉంటుంది. ఉర్దూ పదాలను ఎక్కువగా చేరిస్తే జీవితం వింతవస్తువుగా మారుతుంది. పూర్తిగా తొలగిస్తే దాని ప్రత్యేకత మాసిపోతుంది.

ఖదీర్‌బాబు ఎంచుకున్నది నెల్లూరు వాడుక. ‘ఉన్నాడు’ అనడానికి ‘ఉండాడు’, ‘ఎక్కడ’ అనడానికి ‘యాడ’ అనే ఆ మాట తీరు కావలి రెడ్డిదీ, యానాదిదీ, ముస్లిందీ కూడా. మతం వేరైనా యాస ఒకటే అన్న వాస్తవాన్ని కతల భాషే నిరూపిస్తుంది. ఈ ఎంపిక చేసిన కాలాన్ని గుర్తుంచుకోవాలి. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991) నుంచి ‘జల్‌జలా’ సంకలనం (1998) వరకు తెలుగు ముస్లిం కవిత్వం పరాయీకరణను ధిక్కార స్వరంతో ప్రశ్నించింది. దాని వెనువెంటనే వచ్చిన ఈ కతలు అదే ప్రశ్నకు మరో దిశ నుంచి బదులిచ్చాయి. పరాయివాడనే ఆరోపణకు ఈ గద్యం వాదంతో జవాబు చెప్పదు. ఊరి యాసలో నోరు విప్పడమే జవాబు.

కోరిక: కుటుంబం మాట్లాడుకునే భాష

లేమి ఉన్న ఇంట్లో ఆప్యాయత నేరుగా మాటల్లో వ్యక్తం కాదు. అడగడం, లేదనడం, దాచడం, చివరికి ఎలాగో సమకూర్చడం అనే క్రియలలోనే అది తెలుస్తుంది. బిడ్డ అడుగుతాడు. తల్లి కసురుకుంటుంది. ఆ కసురు వెనుక ఇంటి లెక్క ఉంటుంది. ఈ కతలలో అమ్మ, నాయన ఆదర్శమూర్తులుగా కనబడకపోవడానికి కారణం ఇదే. వారు రోజువారీ రాబడికీ రేపటి ఖర్చుకూ మధ్య నిత్యం బేరమాడే మనుషులు.

ఈ సందర్భంలో మలయాళ రచయిత వైకోం ముహమ్మద్ బషీర్ నవలిక ‘పాత్తుమ్మాయుడె ఆడు’ (1959) తో పోలిక ఉపయోగపడుతుంది. అందులోనూ ముస్లిం కుటుంబమే, లేమే, హాస్యమే. విశ్రాంతి కోసం ఇంటికి వచ్చిన రచయితను తల్లీ, తోబుట్టువులూ, వారి పిల్లలూ ఒకరికి తెలియకుండా ఒకరు డబ్బు అడుగుతుంటారు. చెల్లెలి మేక ఆయన పుస్తకాలను సైతం మేసేస్తుంది. సాహిత్య కీర్తికి ఆ ఇంట్లో ఉన్న విలువ అంతే.

అయితే భేదం మౌలికమైనది. బషీర్ కథకుడు పెద్దవాడు. అతడు ఇవ్వగలడు, విసుక్కోగలడు, ఇల్లు విడిచి వెళ్లగలడు. ‘దర్గామిట్ట కతల’ కథకుడు బాలుడు. ఇవ్వలేడు, వెళ్లలేడు. అడగడం, చూడడం మాత్రమే అతని వశం. బషీర్‌లో లేమి హాస్యానికి వస్తువైతే, ఖదీర్‌బాబులో లేమి దృష్టికోణం అయింది. ప్రపంచమంతా ఒక పిల్లవాడి ఎత్తు నుంచి, ఒక కోరిక గుండా కనిపిస్తుంది.

రెండు కాలాల తపన

ఊరి జ్ఞాపకాల కథలకు తెలుగులో బలమైన సంప్రదాయం ఉంది. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వెలువడిన సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ అందులో ముఖ్యమైనవి. అక్కడ నది, గుడి, గత వైభవం కథకు నేపథ్యం. తపన పోయినదాని కోసం. ‘దర్గామిట్ట కతల’లో వెనుదిరిగి చూసుకోవడానికి వైభవం లేదు. బాలుడి తపన ఇంకా రానిదాని కోసం. అతని చూపు ఎప్పుడూ ముందుకే.

అయితే కత చెబుతున్న గొంతు బాలుడిదైనా, రాస్తున్న చేయి పెద్దవాడిది. ఆ రచయిత ఊరు విడిచి నగరానికి చేరినవాడు. నాడు పిల్లవాడు దేనినుంచి బయటపడాలనుకున్నాడో, నేడు రచయిత దానికే తిరిగి వస్తున్నాడు. లేమిని కోరేవారు ఉండరు. అతడు కోరేది ఆ లేమిని కలిసి మోసిన మనుషులను. బాలుడి ముందుచూపు, రచయిత వెనుచూపు ఒకే వాక్యంలో తారసపడినచోట నవ్వు పుడుతుంది. అందుకే ఆ నవ్వు ముగిసేసరికి పాఠకుడికి గొంతులో ఏదో అడ్డుపడినట్లు ఉంటుంది. ఈ హాస్యాన్ని కేవలం వినోదంగా పరిగణించడం పొరపాటు కావడానికి హేతువు ఇదే.

తర్వాతి రచనలు ఈ నిర్ణయాన్ని బలపరుస్తాయి. రెడీమేడ్ దుస్తుల రాకతో ఊరి దర్జీల బతుకు చితికిపోవడాన్ని చెప్పిన ‘న్యూ బాంబే టైలర్స్’ కథలో బాల్యపు రక్షణ తొలగిపోయింది. చిన్న ఊరి అంగడి పేరులో మహానగరం పేరు ఉండడమే ఒక తపన. ‘బియాండ్ కాఫీ’ సంపుటిలో నగర జీవులకు వస్తువులు ఉన్నాయి, ఒకరికొకరు దక్కలేదు. కావలి ఇంట్లో కొరవడినవి వస్తువులు, నగరపు ఇంట్లో కొరవడినవారు మనుషులు.

పరిమితులు

బాల కథకుడి ఎంపిక ఈ కతలకు బలం, పరిమితి కూడా. పిల్లవాడి కంటికి తల్లి చాకిరీ కనిపిస్తుంది, ఆమె సొంత కోరిక కనిపించదు. ఇంటిల్లిపాది కోరికలను లెక్కగట్టే స్త్రీకి తన లెక్కలో తనకు చోటున్నదా అనే ప్రశ్న కతల అంచున నిలిచిపోతుంది. అట్లే 1992 తర్వాతి భయాలు బాల్యపు వెలుగులో దాదాపు వినిపించవు. ‘వతన్’ సంకలనం (2004) వంటివాటిలో చేరిన ముస్లిం కథలతో కలిపి చదివినప్పుడే ఈ మౌనం పరిమాణం తెలుస్తుంది. పాఠ్యాంశంగా ఈ కతలను బోధించేవారు హాస్యంతో పాటు ఈ మౌనాన్ని కూడా చర్చకు తేవడం అవసరం.

ముగింపు

‘దర్గామిట్ట కతలు’ కుటుంబాన్ని ఆస్తిగానో బంధనంగానో చూపలేదు. లేమిని పంచుకునే ఏర్పాటుగా చూపాయి. సంప్రదాయం అక్కడ గ్రంథంలో లేదు, ఇరుగుపొరుగు వాడుకలో ఉంది. తపన పోయినదాని కోసం కాదు, రానిదాని కోసం. అది వచ్చిన తర్వాత, రానినాటి మనుషుల కోసం. తెలుగు కుటుంబ కథ చరిత్రను మండువా లోగిలి నుంచి మొదలుపెట్టే అలవాటును ఈ కతలు సవరిస్తాయి. ఆ చరిత్రకు కావలిలోని ఇరుకు ఇంటి గుమ్మం కూడా ప్రవేశద్వారమే.