పెన్న నోట నానిన రాళ్ళు

తడిస్తేగాని నీ రంగు బయటపడదు, గులకరాయీ. గండికోట లోయ దాటి, జమ్మలమడుగు దగ్గర ఎండిన పెన్న ఇసుకలో నువ్వు బూడిద పూసుకున్న బైరాగివి. చెంబెడు నీళ్ళు పోస్తే చాలు, ఎర్రజీర, పసుపుచార, నల్లటి నిగ్గు ఒక్కసారే పైకి తేలతాయి.

నీ నునుపు పెన్నది. నందికొండల్లో పుట్టి, ఎర్రమలను కోసుకుంటూ వచ్చిన ఏరు నిన్ను తోటిరాళ్ళతో రాపాడించి మూలలన్నీ అరగదీసింది. నీ ఒళ్ళు మాత్రం ఏనాడో ఇక్కడ నిలిచిన కడలిది. గండికోట బండకైతే నూరుకోట్ల ఏళ్ళు పైబడ్డాయి. ఆ రాతిలో గవ్వను వెతకడం దండగ. అప్పటికి భూమ్మీద గవ్వే పుట్టలేదు.

మరి నువ్వెవరు?

బిళ్ళలా చదునుగా ఉండి, అంచున పొరలు లేస్తూ, నోటి ఆవిరి తగిలితే మట్టివాసన వేస్తావా? నువ్వు పేరుకున్న బురదవి, షేల్‌వి. ఎండకేసి తిప్పితే చక్కెర పలుకుల్లా తళుక్కుమంటావా? ఇసుకరాయివి. ఆ పలుకులే ఒకదాన్నొకటి కరుచుకుని, గాజుసీసా మీద గీత పెట్టేంత గట్టిపడ్డావా? గండికోట గోడ నుంచి రాలిన క్వార్ట్‌జైట్‌వి, నెల్లూరు దాకా దొర్లమన్నా దొర్లే మొండిఘటానివి. మైనం రుద్దినట్టు మెరుస్తూ, పగిలినచోట చిప్పలా వంపు తిరిగితే చెకుముకివి.

అన్నిటికన్నా నాకు ముద్దు నువ్వే, నల్లని నాపరాయీ. వెన్నముద్దలా చేతికొస్తావు. చాకుమొనతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ కడతావు. వంటింటి కడప బండ మీద చింతపండు పులుసు ఒలికిన మచ్చ ఎంత తోమినా పోదని అమ్మలకు తెలుసు. పులుపు నీ వంశానికే పడదు.

తొలకరికి జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి నడుస్తారు. నీకోసం వంగేది అచ్చనగాయలాడే పిల్లలే. నా లెక్కలో వాళ్ళే అసలైన పారఖీలు. గుప్పిట్లో ఒదిగే బరువేదో పట్టుకోగానే చెప్పేస్తారు.

ఇవాళ నేనూ ఐదు రాళ్ళే ఏరాను. నాలుగింటికి పేర్లు కుదిరాయి. ఐదోది చాకుకు సగం లొంగింది, నిమ్మరసానికి మాత్రం పలకలేదు. జేబులో ఆరి మళ్ళీ బూడిదైపోయింది. ఇంటికొచ్చి చెంబులో వేసి చూద్దును కదా, నడుం చుట్టూ సన్నటి ఆకుపచ్చ చార.