సగటు తీస్తే మాయమయ్యేది

మా లేజర్ ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పేది టార్గెట్ జరపడం. అల్యూమినియం పూత వేసిన గాజు పలకను వాక్యూమ్ ఛాంబర్‌లో బిగిస్తాం. 30 ఫెమ్టోసెకన్ల పల్స్ ఒక్కటి పడితే చాలు, అక్కడ చిన్న గుంట పడుతుంది. తరవాతి షాట్‌కు పలక జరిపి కొత్త చోటు చూపించాలి. ఒకసారి కొట్టిన చోటు మళ్లీ పనికిరాదు.

గుంట పడేలోపు జరిగేదే మాకు కావలసింది. అక్కడ తీవ్రత చదరపు సెంటీమీటరుకు 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని వాట్లు. పుట్టిన ప్లాస్మాలోంచి ఎలక్ట్రాన్లు కాంతివేగానికి దగ్గరగా పలక లోపలికి దూసుకుపోతాయి. ఆ లోటు పూడ్చడానికి చల్లటి ఎలక్ట్రాన్లు ఎదురొస్తాయి. ఒకే దిశలో పోయే కరెంట్లు దగ్గరికి లాక్కుంటాయి, ఎదురు దిశవి నెట్టేసుకుంటాయి. అందుకే ఎక్కడైనా ఒక పోగు పిసరంత చిక్కబడిందంటే, దాని అయస్కాంత క్షేత్రం పక్కవాటినీ లాగి ఇంకా చిక్కబడుతుంది. నిండుగా బయల్దేరిన ప్రవాహం పాయలుగా చీలిపోతుంది. భౌతిక శాస్త్రవేత్త ఎరిక్ వైబెల్ 1959లో సిద్ధాంతపరంగా చూపిన అస్థిరత ఈ కోవలోదే. ఎలక్ట్రాన్ల పుంజంతో ఫ్యూజన్ ఇంధనాన్ని అంటించాలనుకునేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి.

ఈ చీలికను పట్టడానికి అదే లేజర్ నుంచి కొంత కాంతిని విడదీసి కాస్త ఆలస్యంగా పంపుతాం. దారిలోని అద్దాన్ని 15 మైక్రాన్లు వెనక్కి జరిపితే రానూపోనూ 30 మైక్రాన్ల దూరం పెరుగుతుంది. అంటే 100 ఫెమ్టోసెకన్ల ఆలస్యం. ప్లాస్మాను తాకి తిరిగొచ్చిన కాంతి ధ్రువణం ఎంత మారిందో చూసి అయస్కాంత క్షేత్రం లెక్కగడతాం. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్‌ఆర్) శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలోనే ఆ క్షేత్రాల్లోని అల్లకల్లోలాన్ని నేరుగా చూసి 2012లో ప్రచురించారు.

నా పట్టింపల్లా సగటు గురించే. పాయలు ప్రతి షాట్‌లోనూ వేరే చోట పుడతాయి. పదుల షాట్ల చిత్రాలు కలిపి సగటు తీస్తే ఒకదాన్నొకటి చెరిపేసుకుని నున్నటి మచ్చ మిగులుతుంది. గ్రాఫ్ ముచ్చటగా వస్తుంది, అస్థిరత మాత్రం అందులో ఉండదు.

"సార్, ఈ షాట్ తేడాగా ఉంది, తీసేయనా?" అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ముందు ఆ షాట్ శక్తి ఎంతో చూడమంటాను. అసలు పల్స్ కన్నా ముందొచ్చే బలహీనమైన కాంతి ఎక్కువైతే ప్లాస్మా అప్పటికే ఉబ్బిపోతుంది, అదీ చూడమంటాను. రెండూ సరిగ్గా ఉంటే ఆ తేడాయే మనకు కావలసిన డేటా.

ఈ రంగంలోకి వస్తున్న పిల్లలకు ఒక్క మాట. ప్రతి షాట్ ముడి చిత్రాన్నీ దాని శక్తి వివరాలతో సహా విడివిడిగా దాచండి. సగటు ఎప్పుడైనా తీసుకోవచ్చు. సగటులోంచి షాట్‌ను మాత్రం వెనక్కి తీయలేం.