డికెన్స్ వాక్యాలు, మన వాక్యాలు

ఇంగ్లీషు వాక్యానికి కర్త, సమాపక క్రియ ఉండాలి. ఇవి లోపిస్తే అది అసంపూర్ణ వాక్యం. రెండు పూర్తి వాక్యాలను సముచ్చయం లేకుండా వట్టి కామాతో కలిపితే అది రన్ ఆన్ వాక్యం. చార్లెస్ డికెన్స్ ఈ రెండు నియమాలనూ ఉల్లంఘించాడు. అటువంటప్పుడు మన మార్కులే ఎందుకు తగ్గుతాయి? ఈ సందేహం మీకు రావడం సహజం.

‘బ్లీక్ హౌస్’ (1852-53) నవల లండన్ పొగమంచుతో మొదలవుతుంది. తొలి పేరాల్లో చాలా వాక్యాలకు ప్రధాన సమాపక క్రియ లేదు. మన ‘పాకుతూ’, ‘వేలాడుతూ’ వంటి శత్రర్థకాలను పోలిన ‘ఇంగ్’ రూపాలే ఎక్కువ. అందువల్ల ఏ పనీ ముగిసినట్లు అనిపించదు. ఈ నవలలోని జార్న్‌డైస్ దావా కూడా తరాల తరబడి తెమలదు. చివరికి ఆస్తి అంతా కోర్టు ఖర్చులకే హరించుకుపోతుంది. ఆ తెమలనితనాన్ని వాక్యాలు ముందే సూచిస్తున్నాయి.

‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ (1859) తొలి వాక్యంలో పరస్పర విరుద్ధమైన వాక్యాలు కామాలతోనే వరుసకడతాయి. వాటి నిర్మాణం ఒకే తీరుగా ఉండడం వల్ల ఏది ఎక్కడ ముగిసిందో పాఠకుడికి స్పష్టంగా తెలుస్తుంది. వాటి మధ్య ఫుల్‌స్టాపులు పెడితే, ఆ వైరుధ్యాలన్నీ ఒకే కాలంలో ఉన్నాయన్న భావం పలచబడుతుంది.

ఇప్పుడు మన వాక్యాలను పరిశీలించండి. ‘ఆయన టీచరు’ అన్నది తెలుగులో క్రియ లేకపోయినా పూర్తి వాక్యమే. ఆ అలవాటుతో ‘హీ టీచర్’ అని రాస్తే ‘ఈజ్’ లోపిస్తుంది. ‘బికాజ్ ఐ వజ్ ఇల్’ అన్నదానిలో కర్త, క్రియ రెండూ ఉన్నాయి. అయినా ‘బికాజ్’ చేరడంతో అది ఉపవాక్యమైంది, ఒంటరిగా నిలవలేదు. ‘ఐ వజ్ ఇల్, ఐ స్టేడ్ హోమ్’ అని రాస్తే రన్ ఆన్ అవుతుంది. కామా తర్వాత ‘సో’ చేర్చండి, లేదా కామా బదులు ఫుల్‌స్టాప్ పెట్టండి.

తేడా ఇక్కడే ఉంది. డికెన్స్ వాక్యాన్ని సరిదిద్దితే అర్థంలో కొంత పోతుంది. మన వాక్యాన్ని సరిదిద్దితే ఏమీ పోదు, స్పష్టత పెరుగుతుంది. కాబట్టి నియమాన్ని మీరడం గొప్పా, తప్పా అన్నది రచయిత పేరును బట్టి కాక, దాని ప్రయోజనాన్ని బట్టి నిర్ణయించాలి.

అభ్యాసం: మీ గత అసైన్‌మెంటులో ఒక పేజీ తీసుకోండి. ప్రతి వాక్యంలో సమాపక క్రియ కింద గీత గీయండి. గీత పడని వాక్యాన్ని సరిదిద్దండి. రెండు గీతలు పడిన చోట వాటి మధ్య సముచ్చయం ఉందో, వట్టి కామాయే ఉందో చూడండి.