ఆరు చిల్లుల పనితనం

డెంటు తీయించిన కారుకైనా, రఫూ చేయించిన పట్టుచీరకైనా మనవాళ్లు పెట్టే పరీక్ష ఒకటే: అతుకు కనపడకూడదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో కోల్ట్ కంపెనీ 1870లలో తూటాలకు అనువుగా మార్చిన ఆర్మీ రివాల్వరు ఈ పరీక్షలో మొదటి చూపులోనే తప్పుతుంది. సిలిండరు వెనక ఒక ఉక్కు పళ్లెం ఉంటుంది. అది తర్వాత వచ్చి చేరిందని ఎవరైనా చెప్పేస్తారు. బ్యారెల్ కింద ఒకప్పుడు బలమైన మీట ఉండే చోట సన్నటి గొట్టం, కుడివైపు చిన్న తలుపు. ఏదీ దాచలేదు. అయినా పనితనం తెలిసినవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుంటే తొందరగా కింద పెట్టరు. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ అతుకుల కింద ఉన్న పాత తుపాకీ సంగతి తెలియాలి.

1860లో వచ్చిన కోల్ట్ ఆర్మీ .44 క్యాలిబర్ రివాల్వరు. ఎనిమిది అంగుళాల బ్యారెల్, ఆరు గదుల సిలిండరు. 1873 దాకా సుమారు రెండు లక్షలు తయారయ్యాయి. అంతర్యుద్ధంలో ఉత్తరాది ప్రభుత్వం ఒక్కటే లక్షకు పైగా కొన్నది. దాన్ని నింపే తీరు మన ఏజెన్సీలో నాటు తుపాకీ వరసే, కాకపోతే ఆరుసార్లు చేయాలి. ఒక్కో గదిలో ముందువైపు నుంచి తుపాకి మందు పోసి, పైన సీసపు గుండు పెట్టి, బ్యారెల్ కింది మీటతో దిగగొట్టాలి. గుండు గది కంటే వెంట్రుకవాసి లావు. దిగేటప్పుడు దాని చుట్టూ సన్నటి సీసపు ఉంగరం చెక్కుకుని రాలిపడుతుంది. ఆ ఉంగరం రాలితే గుండు బిగిసినట్టు. తర్వాత సిలిండరు వెనకనున్న ఆరు మొనలకు ఆరు చిన్న టోపీలు తొడగాలి. దీపావళికి పిల్లల తుపాకీలో బిళ్ల చేసే పనే ఈ టోపీది. సుత్తి పడితే నిప్పురవ్వ లోపలికి పోతుంది. వానలో, పరుగెత్తే గుర్రం మీద, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో ఇదంతా చేయడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మందు, గుండు, నిప్పు మూడూ ఒకే లోహపు డబ్బీలో ఇమిడే తూటా అప్పటికే వచ్చేసింది. దాన్ని వెనకనుంచి దూర్చాలంటే సిలిండరు గదులు ఈ కొస నుంచి ఆ కొస దాకా చిల్లులుగా ఉండాలి. అడ్డు పడింది ఆ చిల్లే. రోలిన్ వైట్ అనే అతను 1855 ఏప్రిల్ 3న దాని మీద పేటెంటు పుచ్చుకున్నాడు. మరుసటి ఏడు స్మిత్ అండ్ వెసన్ కంపెనీ రివాల్వరుకు పావు డాలరు చొప్పున అతనికిచ్చే ఒప్పందం మీద ఆ హక్కు సంపాదించింది. ఎవరైనా కాపీ కొడితే కోర్టు ఖర్చులు వైట్‌వే అన్న మెలిక కూడా అందులో పెట్టింది. 1869లో పేటెంటు గడువు తీరింది. గడువు పెంచుకునే వీలు అతనికి కల్పిస్తూ కాంగ్రెస్ చేసిన చట్టాన్ని 1870 జనవరిలో అధ్యక్షుడు గ్రాంట్ వీటో చేశాడు. పేటెంటు గడువు తీరేదాకా ఆగలేక కోల్ట్‌లోనే అలెగ్జాండర్ థ్యూర్ అనే పనివాడు ముందునుంచే దూరే కోసుగా ఉన్న తూటాను తయారుచేసి, 1868లో పేటెంటు తెచ్చాడు. తెలివైన పనే కానీ జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

దారి తెరుచుకునేసరికి కోల్ట్ గోదాముల్లో పాత రివాల్వర్ల భాగాలు బోలెడు మిగిలి ఉన్నాయి. సైన్యం దగ్గర యుద్ధంలో వాడిన తుపాకులు గుట్టలుగా ఉన్నాయి. కరిగించడమా, మార్చడమా? చార్లెస్ రిచర్డ్స్ అనే అతను మార్చే దారి చూపాడు. అతని పేటెంటు తేదీ 1871 జూలై 25.

అసలు చూడాల్సిన పని ఇక్కడుంది. సిలిండరు వెనక మొనలున్న భాగాన్ని అడ్డంగా కోసేశారు. మిగిలిన ముక్కలో ఆరు గదులూ ఆరు చిల్లులయ్యాయి. కోసినంత మేర ఫ్రేముకూ సిలిండరుకూ మధ్య ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఉక్కు పళ్లెం కూర్చుంది. సిలిండరు తిరుగుతుంది, పళ్లెం కదలదు. తూటాలు వెనక్కి జారకుండా కాసేది అదే. స్ప్రింగు మీద నిలిచిన చిన్న ఫైరింగ్ పిన్ను కూడా ఆ పళ్లెంలోనే అమర్చారు. పాత సుత్తి ముక్కును చదును చేసి, దెబ్బ ఆ పిన్ను మీద పడేలా చూశారు. గురి చూసే గాడిని సుత్తి మీదినుంచి ఈ పళ్లెం మీదికి తెచ్చారు. కాబట్టి సుత్తి ఎత్తకుండానే గురి చూడొచ్చు.

పాత తుపాకీలో టోపీలు తొడగడానికి వేలు పట్టేలా ఫ్రేము కుడిపక్కన ఒక పల్లం ఉండేది. కొత్త తూటా లోపలికి వెళ్లే దారి సరిగ్గా అదే అయింది. పళ్లేనికున్న చిన్న తలుపు తీస్తే ఎదురుగా గది. దిగగొట్టే మీటతో ఇక పని లేదు, తీసేశారు. అది ఉన్న చోట ఏర్పడిన కంతలో, ఖాళీ డబ్బీలను వెనక్కి నెట్టే కడ్డీ తాలూకు దిమ్మ వచ్చి కూర్చుంది. ఇలా పాత అవసరం తవ్విన ప్రతి గుంటనూ కొత్త అవసరానికి వాడుకున్నారు. పని లేనివాటి జోలికి పోలేదు. బ్యారెల్‌ను పట్టి ఉంచే సీల అలాగే ఉంది, దాన్ని తడితే తుపాకీ ఎప్పటిలాగే విడిపోతుంది. 1843లో కాంపెచీ దగ్గర టెక్సస్ నౌకలు చేసిన యుద్ధాన్ని ఆర్మ్స్‌బీ అనే నగిషీకారుడు చెక్కగా, ఆ బొమ్మను సిలిండర్ల మీద ఒత్తేవారు. కోత తర్వాత కూడా ఆ ఓడలు దాని మీద తేలుతూనే ఉన్నాయి.

ఇలా మార్చిన తుపాకీ సినిమాకూ ఎక్కింది. 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ' కథ నడిచేది 1862లో. అందులో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలోని కోల్ట్ నేవీ రివాల్వరు మాత్రం ఇలా తూటాలకు మార్చినదే. అంటే సినిమా ఓ తొమ్మిదేళ్లు ముందుకు దూకింది. మన కృష్ణ గుర్రమెక్కి 'మోసగాళ్లకు మోసగాడు'గా వచ్చిన 1971కి రిచర్డ్స్ పేటెంటు సరిగ్గా నూరేళ్ల పాతది.

తూటా సంగతి మరీ ముచ్చటైంది. చిల్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వెడల్పు. అందులో లోహపు డబ్బీ బిగువుగా కూర్చోవాలి. గుండును డబ్బీ లోపల పెడితే, డబ్బీ గోడల మందం మేరకు గుండు సన్నబడుతుంది. పాత బ్యారెల్‌కు ఆ గుండు వదులై గురి తప్పుతుంది. బ్యారెల్ మార్చకూడదు, మార్చితే ఈ పనంతా దండగ. అందుకని గుండునే మలిచారు. బిరడాలాగా కింది కొస సన్నగా ఉండి డబ్బీలోకి దిగుతుంది. పై భాగం డబ్బీ వెలుపలి అంచుతో సమానంగా నిలుస్తుంది. తూటా మీద వేలు రాస్తే డబ్బీ ఎక్కడ ఆగిందో, గుండు ఎక్కడ మొదలైందో దాదాపు తెలియదు. ఇందులో లోపమూ ఉంది. గుండుకు పూసే కొవ్వు బయటే ఉంటుంది కాబట్టి జేబులోని దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

1872లో విలియం మేసన్ అనే అతను ఈ మార్పు పనిని ఇంకా తేలిక చేశాడు. పిన్నును పళ్లెంలోంచి తీసి సుత్తికే పెట్టాడు. గురి గాడిని మళ్లీ సుత్తి మీదికే పంపాడు. మిల్లింగ్ పని తగ్గింది, ధర కలిసొచ్చింది. 1873లో కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ వచ్చింది. కౌబాయ్ తుపాకీ అనగానే లోకం కళ్లముందు మెదిలేది అదే. దాని వెనకా మేసన్ చెయ్యే ఉంది. దాని కుడి తలుపు, డబ్బీలు నెట్టే కడ్డీ పాత తుపాకుల మీద అప్పటికే చెయ్యి తిరిగినవి.

మార్చిన తుపాకుల్లో ఆర్మీకి చిన్న తమ్ముడు కోల్ట్ నేవీ. పేరుకు .36 అయినా దాని బ్యారెల్ లోపలి గాడుల మధ్య కొలత 0.375 అంగుళం దాకా ఉండేది. తూటాకు మార్చాక కొలతకు దగ్గరగా .38 అన్న పేరు పెట్టారు. తర్వాతి రోజుల్లో గుండును డబ్బీ లోపలికే దింపేశారు, దాంతో గుండు 0.357 అంగుళానికి తగ్గింది. పేరు మాత్రం తగ్గలేదు. ఈనాటి .38 స్పెషల్ తూటాలోని గుండును కొలిస్తే వచ్చేది 0.357. మధ్యలో పోయినది దాదాపు డబ్బీ రెండు గోడల మందం. మనకు అణాలు 1957లోనే పోయాయి, అయినా అచ్చమైన తెలుగును పదహారణాల తెలుగనే అంటాం. హార్ట్‌ఫర్డ్ ఫిట్టర్లు దాచకుండా వదిలేసిన అతుకు కూడా అలాగే మిగిలింది. తుపాకీ మ్యూజియం చేరింది, అతుకు అంకెలో ఉంది.