అత్తెసరు

వంటింట్లో పుట్టిన ఈ మాటకి బళ్లో పరువు పోయింది. అత్తెసరు మార్కులంటే ఏదో గట్టెక్కాడని అర్థం. అసలు సంగతి వేరు. గంజి వార్చే పని లేకుండా, బియ్యం ఎన్ని పీల్చుకుంటాయో అన్నే నీళ్లు పోసి ఇగర్చడం అత్తెసరు. సోలెడు బియ్యానికైతే ఎవరైనా చేస్తారు. ఆరు కిలోలకి, కట్టెల పొయ్యి మీద, రోజూ మధ్యాహ్నం గంట కొట్టేలోగా చెయ్యాలంటే చెయ్యి తిరిగినవాళ్లే కావాలి. గోదావరి జిల్లాల్లో ఓ ప్రాథమిక పాఠశాల వెనక, రేకుల షెడ్డులో ఆ పని చూశాక నాకు ఆ మాట మీద గౌరవం పెరిగింది.

ఆరు కిలోలే ఎందుకంటే, బడిలో పిల్లలు అరవైమంది. ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ప్రాథమిక తరగతులకి ప్రభుత్వం పెట్టిన కొలత ఇది. ఆ భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలన్నది 2006 నాటి నియమం. పొడిపొడిగా కనబడే ఈ అంకెల్ని ఓసారి కూడి చూడండి. ఆ బియ్యంలో మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు, పప్పులో నాలుగు పైచిలుకు. పన్నెండుకి పన్నెండు! ఇదీ అత్తెసరే. పైగా బియ్యంలో కొరవడే లైసిన్ కందిపప్పులో దండిగా ఉంది. పప్పులో తక్కువైన మిథియోనిన్ అన్నం పూడుస్తుంది. పప్పన్నం ముద్ద కలిపిన అవ్వలకి ఈ పేర్లు తెలియవు గానీ, లెక్క మాత్రం తప్పలేదు.

ఈ అంకెలు ఎవరో దయతలచి రాసినవి కావు. 1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకం మొదలుపెట్టింది కానీ, చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా నెలకి మూడు కిలోల ధాన్యం ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. 2001లో గోదాముల్లో ధాన్యం మురుగుతుంటే పల్లెలు పస్తులున్నాయని రాజస్థాన్‌లోని పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఇచ్చిన ఉత్తర్వుని నేను పనితనం కోసమే చదువుతాను. వండిన భోజనం, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, బడి నడిచే ప్రతిరోజూ, ఏడాదికి కనీసం 200 రోజులు. ఒక్కో మాట ఒక్కో దొంగదారిని మూసేసింది. ‘వండిన’ అన్నాక బియ్యం మూటతో సరిపెట్టడం కుదరదు. మాంసకృత్తులు అన్నాక ఉత్త అన్నం పెట్టి ఊరుకోవడం కుదరదు. రోజులు లెక్కగట్టాక తనిఖీ నాడు ఒక్కరోజు పాయసం కాయడమూ కుదరదు. మంచి వడ్రంగి బిగించిన తలుపులా ఉంటుంది ఆ వాక్యం, ఎక్కడా సందు కనబడదు.

అయినా ప్రభుత్వాలు కదల్లేదు. ఆర్నెల్ల గడువు దాటబోతుంటే 2002 ఏప్రిల్ 9న చాలా రాష్ట్రాల్లో జనం వీధికెక్కారు, పిల్లలు ఖాళీ కంచాలు పట్టుకుని నిలబడ్డారు. కోర్టు మాటకి ఆ కంచాల చప్పుడు తోడైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. గరిటె ఊరి మహిళా సంఘాల చేతికి వచ్చింది.

మళ్లీ షెడ్డులోకి వద్దాం. అరవైమందికి ఇద్దరు వంటవాళ్లు, ఒకామె పెద్దది. కందిపప్పు కిలో రెండు వందల గ్రాములే. అందులోంచి సాంబారు అందరికీ రావాలి, నీళ్లలా ఉండకూడదు. ఆమె పప్పుని ముందు పసుపు మాత్రమే వేసి మెత్తగా ఉడికించింది. చింతపండు పులుసు ముందే పోస్తే పప్పు బిరుసెక్కి గుండిగ అడుగున రాళ్లలా ఉండిపోతుందని ఆమెకి తెలుసు. పప్పు మెదిపాకే ముక్కలు, ఆ తర్వాతే పులుసు. నూనె మొత్తం మూడు వందల గ్రాములు. అందులో కొంత దాచి చివర్న వెల్లుల్లి చితక్కొట్టి తాలింపు పెట్టింది. ఆ వాసన తరగతి గదుల్లోకి వెళ్లేసరికి ఎక్కాల చదువు గొంతులు మారిపోయాయి.

వడ్డన ఇంకో విద్య. ‘పెద్దమ్మా, అడుగునుంచి తియ్యవా’ అన్నాడు వరసలో మూడోవాడు. ఆమె నవ్వి, ప్రతి కంచానికీ గరిటె అడుగుకంటా తిప్పి తీసింది. మొదటివాడికి పడిన పప్పే అరవయ్యోవాడికీ పడింది. సమన్యాయం గురించి చాలా ప్రసంగాలు విన్నాను గానీ, గరిటె తిప్పడంలో చూడటం అదే మొదలు.

రాగిజావ రోజున ఇంకా జాగ్రత్త. పిండి నేరుగా మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది, పిల్లలు మొహం తిప్పుకుంటారు. చల్లనీళ్లలో జారుగా కలిపి, ఎసట్లో సన్నగా పోస్తూ తెడ్డు ఆపకుండా తిప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో జావ చేర్చారు. అంతకుముందు 2020 జనవరిలో పులిహోర, కిచిడీ, చక్కెర పొంగలి రోజుకొకటిగా పట్టిక మార్చారు. అది అవసరమే. రాజస్థాన్‌లో తొలిరోజుల్లో రోజూ గోధుమ గుగ్గిళ్లే పెడితే పిల్లలకి మొహం మొత్తింది. కేలరీలు సరిపోయినా నోటికి సయించకపోతే అది కుడితి గోళెంలోకే వెళ్తుంది.

ఒక అపవాదు కూడా షెడ్డులోని ఆ పెద్దామె మీదే పడింది. పోషకాలు కలిపిన బియ్యం వచ్చిన కొత్తలో, నూటికొకటిగా కలిసే ఆ గింజలు నీళ్ల మీద తేలితే ‘ప్లాస్టిక్ బియ్యం’ అని తల్లులు గోల చేశారట. ఆమె వాటిని ఏరి పారెయ్యలేదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉన్న గింజలని పంతులుగారితో చెప్పించి, ఆ అన్నమే వాళ్లముందు కూర్చుని తింది. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టేదీ అందుకే, వార్చితే సారం కొంత మోరీలో పోతుందని.

పట్టణాల్లో పెద్ద వంటశాలల నుంచి వ్యాన్లలో వచ్చే భోజనం శుభ్రంగానే ఉండొచ్చు. నా ఓటు మాత్రం ఆ పొగచూరిన షెడ్డుకే. అక్కడ వండేవాళ్లకి తినేవాడి పేరు తెలుసు, వాడు నిన్న ఎందుకు రాలేదో కూడా తెలుసు.

బడి గేటు అవతల కథ వేరు. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువైన తిండి గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నియమం పెట్టింది. కొట్టు ముందు వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్లకి ఆ నియమం తెలిసినట్టు లేదు. కొట్టువాడు మనూరివాడే, అడగాల్సిందీ మనమే.

వంటవాళ్ల ఇంత పనితనానికి కేంద్రం 2009లో కట్టిన గౌరవ వేతనం నెలకి 1,000 రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. తెలుగు రాష్ట్రాలు తమ వంతు కలిపాక అది 3,000 అయింది. మీ ఊరి బడికి వెళ్తే భోజనం వేళకి కాదు, పదకొండింటికే వెళ్లండి. వడ్డించే ముందు పెద్దవాళ్లు రుచి చూడాలని నియమం ఉంది కనుక ఓ ముద్ద అడిగి తినండి. వండినావిడకి గౌరవ వేతనం ఏ నెల దాకా అందిందో కూడా అడగండి.